గంగాబాయి జాగాలో

బడి నుంచి వచ్చిన ఉత్తరం ప్రకారం చనిపోయింది గంగాబాయి. మా ఒంటిగది ఖోలీలో చనిపోయింది వజ్రమ్మ. ఇద్దరూ ఒక్క మనిషే, మా అవ్వ. మా నాయిన దుర్గయ్యను కన్నతల్లి. ఇరవై రెండేళ్లు బడి క్యాంటీన్‌లో వండి, మూడు వందల మంది పిల్లలకు రోజూ వడ్డించిన మనిషి.

శనివారం పొద్దున సంతాప సభ పెడుతున్నారట. ‘మన ప్రియమైన గంగాబాయి’ ఫోటోకు దండ వేస్తారట. ఇంటివాళ్లు తప్పకుండా రావాలట. ఆ కాగితం చదివేసరికి నాకు ఒళ్లు మండింది.

“నేను పోయి చెప్త నాయినా. ఆమె పేరు వజ్రమ్మ అని అందరి ముంగట చెప్త,” అన్నాను.

నాయిన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. “చెప్పి? బతికినన్ని దినాలు ఇజ్జత్‌తోని బతికిన మనిషిని, చచ్చినంక చోర్ అనిపిస్తవా మంగళా?”

ఇది 1986 జూలై మాట. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. కోపం ఎక్కువ, తెలివి తక్కువ అని మా అమ్మ అనేది. రెండూ నిజమే.

బొంబాయిలో బద్లీ అంటే తెలియనివాడు లేడు. మిల్లులో ఒకడు ఊరికి పోతే వాడి జాగాలో ఇంకొకడు నిలబడతాడు. వాడు తిరిగి వచ్చేదాకా పేరు వాడిదే, చెమట వీడిది. 1964లో మా పక్క ఖోలీలో గంగాబాయి అనే ఆమె ఉండేది. ఫోరస్ రోడ్ దాటాక ఒక ట్రస్టు వాళ్ల బడిలో, మరాఠీ పిల్లలూ తెలుగు పిల్లలూ కలిసి చదివే బడిలో, వంటపని ఆమెది. కడుపుతో ఉంది. కాన్పుకు పాలమూరు వైపు తన ఊరికి పోతూ అవ్వ చెయ్యి పట్టుకుని, “రెండు నెలలు నా జాగల నిలబడు వజ్రక్కా. లేకుంటే ఇంకెవరో తన్నుకపోతరు,” అంది. అవ్వ సరేనంది. హాజరు పుస్తకంలో పేరుకు ఎదురుగా వేలిముద్ర వేయడమే కదా, ఏ వేలైతే ఏం అనుకున్నారు ఇద్దరూ. అప్పటి గుమస్తాకు సంగతి తెలుసు. పప్పు ఉడికితే చాలు, పేరుతో పనేంటి అన్నాడట. ఆ గుమస్తా రెండేళ్లకు పని మానేసి వెళ్లిపోయాడు. గంగాబాయి రెండు నెలలకూ రాలేదు, రెండేళ్లకూ రాలేదు.

ఈలోగా మా తాత బాలనర్సయ్య పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. మా వాళ్లు తరతరాలుగా ఈ ఊరికి రాళ్లూ ఇటుకలూ మోసినవాళ్లే. ఇంత పెద్ద ఊరు కట్టి, అందులో పదడుగుల ఖోలీ సంపాదించుకున్న ఘనులు. తాత పోయాక అవ్వకు ముగ్గురు పిల్లలూ, ఆ గరిటే మిగిలాయి. రెండు నెలల మాట అట్లా ఇరవై రెండేళ్లయింది.

కాగితం మీద గంగాబాయి అవ్వకంటే ఎనిమిదేళ్లు చిన్న. అంటే పుస్తకం ప్రకారం మా అవ్వ సొంత కొడుకుకంటే పన్నెండేళ్లే పెద్ద. అరవై నిండినా అందుకే ఆమెను ఎవరూ ఇంటికి పంపలేదు. ఇంకో ముక్క కూడా ఉంది ఆ పుస్తకంలో: పెళ్లయింది, పిల్లలు లేరు. ఈ ముక్క దగ్గరే నా తిప్పలన్నీ మొదలయ్యాయి.

నన్ను ఆ బడిలోనే వేశారు. మొదటిరోజు తల దువ్వుతూ అవ్వ చెప్పింది: “ఇగ చూడు. బడిల నేను గంగాబాయిని. నువ్వు నన్ను ఎరగవు, నేను నిన్ను ఎరగ. అవ్వ అని పిలిచినవో, ఇద్దరం ఇంట్ల కూసుంటం. సమజైందా?”

నాకేం సమజ్ కాలేదు. ఆరేళ్ల పిల్లకు ఎట్లా అవుతుంది? ఇంట్లో నన్ను ఒళ్లో పడుకోబెట్టుకునే మనిషి బడిలో నా వైపు కూడా చూసేది కాదు. పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడితే అందరికీ వేసినట్టే ఒక గరిటె ఉసల్, అదే మొలకల కూర, ఒక పావ్ రొట్టె. గరిటెను గిన్నె అంచుకు గీసి మరీ వేసేది. నా ముందున్న పిల్లలు “గంగాబాయీ, ఇంకొంచెం!” అని గోల పెట్టేవాళ్లు. నాకు ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. అవ్వ అనకూడదు, గంగాబాయి అనబుద్ధి కాదు. నోరు మూసుకుని పళ్లెం చాచేదాన్ని.

అవ్వ పనితీరు మాత్రం చూసి తీరాలి. మటకి గింజలు నానబెట్టి పాత చీర ముక్కలో మూటకట్టేది. మొలక వచ్చిందో లేదో మూట విప్పి చూసేది కాదు, లోపలికి చెయ్యి పెట్టేది. వెచ్చగా ఉంటే వచ్చినట్టు. పిల్లలకూ అలాంటి గుర్తే ఒకటి పెట్టుకుంది. పళ్లెం ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పక్కవాణ్ణి గిల్లే పిల్లవాడు ఇంట్లో తిని వచ్చినట్టు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్న పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తిననట్టు. ఆ రెండు చేతుల పిల్లలకు గరిటె గిన్నె అడుగుదాకా దించి, చిక్కటిది తీసి వేసేది. ఫోరస్ రోడ్‌లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్ల గదుల నుంచి వచ్చే పిల్లలు కొందరు ఉండేవాళ్లు. తండ్రి పేరు అడిగితే తలవంచుకునేవాళ్లు. వాళ్లను అవ్వ తల్లి పేరు కాదు కదా, సొంత పేరు కూడా అడిగేది కాదు. “ఆకలికి పేరుంటదా?” అనేది ఇంట్లో.

ఈ గుర్తు కనిపెట్టాక నేనూ ఒకరోజు పళ్లెం రెండు చేతులతో పట్టుకున్నాను. అవ్వ నా చేతులు చూసింది, నా ముఖం చూసింది, అదే ఒక్క గరిటె గీసి వేసింది. పొద్దున నాకు జొన్నరొట్టె పెట్టింది తనే కదా మరి! ఆ తెలివి నాకు లేకపోయింది. రోజంతా ఏడ్చాను.

రెండో తరగతిలో ఆడుకుంటూ రాళ్ల మీద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. భయంతో “అవ్వా!” అని అరిచాను. వంటగదిలోంచి పరుగున వచ్చింది. వచ్చి, పక్కన టీచరమ్మను చూసి ఆగిపోయింది. “కోణాచీ ములగీ ఆహే హీ?” అంది మరాఠీలో. ఎవరి పిల్ల ఇది అని! నన్ను పట్టుకునే అడిగింది! సాయంత్రం ఖోలీలో పసుపు అద్దుతుంటే నేను కాలు లాక్కున్నాను. ఆమె మళ్లీ కాలు పట్టుకుని పసుపు అద్ది, గుడ్డ కట్టి, వంట చేయడానికి లేచింది. ఆ తర్వాత బడిలో నేను మళ్లీ ఎన్నడూ ఆమెను పిలవలేదు. ఇంట్లో కూడా పిలిచే బదులు పోయి కొంగు లాగేదాన్ని. నన్ను ప్రేమించేది వజ్రమ్మ, నన్ను ఎరగనిది గంగాబాయి అని నాకు నేను చెప్పుకునేదాన్ని. కానీ చేతులు ఇద్దరివీ అవే కదా. తిరకాసు అక్కడే.

పెద్దయ్యాక సంగతి తెలిసింది. తెలిస్తే తికమక తగ్గాలి కదా, ఎక్కువైంది. పాలమూరు నుంచి ఎవరు మా గల్లీకి వచ్చినా అవ్వ మంచినీళ్లు ఇచ్చి ముందు అడిగే మాట ఒకటే: “మా గంగ యాడనన్న కనబడ్డదా?” కనబడలేదంటే నిట్టూర్చేది. కనబడితే జాగా తిరిగి ఇచ్చేయాల్సి వస్తుంది కదా, మరి ఎందుకు వెతుకుతుంది? ఇదే అడిగితే నా నెత్తిన మొట్టింది. “సొమ్ము ఎవరిదే? నేను బద్లీని.” మిల్లుల సమ్మెలో నాయిన పని పోయి, ఇల్లంతా ఆమె గరిటె మీదే నడిచిన రోజుల్లో కూడా ఆ అడగడం మానలేదు. ఆ రోజుల్లో గంగాబాయి నిజంగా వచ్చి ఉంటే మేమేం తినేవాళ్లమో అవ్వకే తెలియాలి.

చివరికి వానాకాలం జ్వరం మూడు రోజుల్లో ఆమెను తీసుకుపోయింది. పోయేముందు నాయినను దగ్గరికి పిలిచి అన్న మాట కూడా అదే. “గంగ వస్తె జాగ చూపియ్యి బిడ్డా.” మాకెవరికీ ఏమీ చెప్పలేదు. నాకు కూడా ఏమీ చెప్పలేదు. నేను కాళ్ల దగ్గరే కూర్చుని ఉన్నాను.

అవ్వ దినం అయిన మర్నాడు, శుక్రవారం, వాన కాస్త తెరిపిచ్చిన వేళ గుమ్మంలో ఒకామె నిలబడింది. ఎండకు నల్లబడ్డ ముఖం, సిమెంటు తిన్న వేళ్లు. నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుంది.

“ఇది వజ్రక్క ఖోలీయేనా?”

“మీరెవరు?” అన్నాను.

“నేను గంగను. గంగాబాయిని.”

నాయిన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. పెట్టడం కూడా సరిగా పెట్టలేదు, చాయ్ అంతా ఒలికింది.

వర్లిలో ఏదో భవనం కడుతున్నారట, అక్కడ ఇటుకలు మోస్తుందట. కూలీల్లో ఒకామె పిల్ల మన బడిలో చదువుతుందట. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి వచ్చి, గంగాబాయి చచ్చిపోయింది అని చెప్పిందట. “నా సావు సంగతి నాకే చెప్పింది బిడ్డా, ఆ పోరి,” అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక ఒక మాట అడిగింది. “రెండు చేతులతోని పట్టుకున్న పోరలకు అడుగు నుంచి తీసి ఏస్తుండెనా?”

“ఆ సంగతి మీకెట్ల తెలుసు?”

“నేనే జెప్పిన గద. పోయే దినం గరిట చేతికిచ్చి అదే జెప్పిన.”

నేను గోడకు ఆనుకున్నాను. మా అవ్వది అనుకున్నదాంట్లో ఇంకేం ఈమెది ఉందో అని భయమేసింది.

“మల్ల ఎందుకు రాలేదు?” అన్నాడు నాయిన. “మా అమ్మ సచ్చేదాక నీ తోవ చూసె.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. బిడ్డ పుట్టి చనిపోయాడు. తను మంచం పట్టింది. ఏడాదికి లేచి బొంబాయి వచ్చి, సీదా బడి గేటు దగ్గరికే పోయింది. చాయ్ దుకాణం వాడు చెప్పాడు, వజ్రమ్మ పెనిమిటి పరంజా మీది నుంచి పడి పోయిండని. గేటు సందులోంచి చూస్తే వజ్రక్క బొట్టు లేని నొసటితో పిల్లలకు వడ్డిస్తోంది. చుట్టూ పిల్లలు “గంగాబాయీ, ఇంకొంచెం” అంటున్నారు.

“నేను ఒక్క పానాన్ని. ఆమెకు ముగ్గురు పోరలు. లోపలికి ఏ మొకం పెట్టుకోని పోవాలె? ఉల్టా తిరిగిన.”

“ఒక్క మాట చెప్పిపోతే ఏమయ్యేది?” నేను అరిచాను. ఇంటికి వచ్చిన పెద్దమనిషి మీద అరవకూడదని తెలుసు. ఆగలేదు. “జాగ నీకే ఇచ్చిన అని ఒక్క మాట! ఇరవై రెండేండ్లు ఎవరిదో సొమ్ము తింటున్నట్టు భయపడుకుంట బతికింది. బడిల నన్ను అవ్వ అని పిలువనియ్యలేదు. మోకాలు పగిలితే ఎవరి పిల్ల అని అడిగింది. మీరు ఒక్క మాట చెప్పకనే గద!”

“చెప్తె ఒప్పుకుంటుండెనా?” అంది గంగాబాయి. “గరిట నా చేతుల పెట్టి బయటికి నడుస్తుండె. వజ్రక్క నీకు ఎరుకనే గద.”

నాకు ఎరుకే. అదే కదా బాధ. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. ఆమె చేసింది మేలే, ఆ మేలే మా అవ్వను నాకు కాకుండా చేసింది. అర్థం చేసుకుందామని ఎంత ప్రయత్నిస్తే అంత చిక్కుపడింది.

నాయిన సభ సంగతి చెప్పి, చేతులు జోడించాడు. బతికున్న మనిషి పేరు మీద సంతాపం, తప్పు మాది కాదన్నాడు. “పోనీ తియ్యి, సచ్చిపోయిందని చెప్పుకుంటె ఆయుస్సు పెరుగుతదట,” అంది ఆమె. “రేపు నేను గూడ వస్త. నా జాగ ఒక్కసారి చూస్త.”

నాయిన వద్దన్నట్టు తల ఊపాడు. నేను మాత్రం ఆమె పక్కన కూర్చున్నాను. “రండి. వచ్చి నేనే గంగాబాయిని అని చెప్పుండ్రి. అప్పుడు ఆ ఫోటోల ఉన్నది వజ్రమ్మ అని నేను చెప్త.”

“అప్పుడు పెద్దసారు ఏమంటడు?” నాయిన అడ్డుకున్నాడు. “దొంగ పేరు పెట్టుకోని మోసం చేసింది అంటడు. మూడు వందల మంది పోరల ముంగట అంటడు. కాళ్లు మొక్కుత గంగక్కా, రావొద్దు.”

గంగాబాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వస్తానో రానో చెప్పకుండా ప్లాస్టిక్ సంచి నెత్తిన కప్పుకుని వెళ్లిపోయింది.

శనివారం మేం వెళ్లేసరికి పిల్లలందరూ హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద అవ్వ ఫోటో, కింద మరాఠీలోనూ తెలుగులోనూ ‘గంగాబాయి’. వంటగది తలుపు తెరిచే ఉంది. లోపల గోడకు రెండు మేకులు కనిపించాయి. ఒకదానికి అవ్వ గుడ్డసంచి ఇంకా వేలాడుతోంది. రెండోది ఖాళీ. అవ్వతో పాటు పనిచేసిన శాంతాబాయిని అడిగితే, “తెలువది బాయీ. ఆ మేకుకు ఏది తగిలియ్యబోయినా నీ అవ్వ తీసేస్తుండె. అది ఎవరిదో జాగ అంటుండె,” అంది. శాంతాబాయికి నేను మనవరాలినని తెలుసన్నమాట. మా ఖోలీల వరసలో తెలియనిది ఎవరికి? అందరికీ తెలుసు, పుస్తకానికి ఒక్కదానికే తెలియదు. మరి నేను నోరు మూసుకున్న ఏళ్లన్నీ ఎవరి కోసం?

హెడ్‌మాస్టరు మంచి మనిషి. మాట్లాడుతూ రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గంగాబాయికి సొంత పిల్లలు లేరు కాబట్టే మన పిల్లలందరినీ సొంతంగా చూసుకుంది అన్నాడు. నాయిన తలవంచుకున్నాడు. ఇంటివాళ్లంటే ఎవరో దూరపు చుట్టాలనుకున్నారు మమ్మల్ని. రెండు నిమిషాలు మౌనం. ‘ఇంటివాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్తారా’ అని అడగ్గానే నేను లేచి నిలబడ్డాను.

నోరు తెరవబోయాను. అప్పుడే చివరి వరస వెనకాల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. తలలన్నీ అటు తిరిగాయి. తలుపు పక్కన గంగాబాయి నిలబడి ఉంది. తడిసిన చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. తన పేరు రాసి ఉన్న ఫోటో వైపు చూస్తూ ఏడుస్తోంది.

హెడ్‌మాస్టరు నొచ్చుకుంటూ దిగి వచ్చాడు. “మీరెవరమ్మా? మీ పేరేంటి?”

తెలుగు టీచరు ఆ మాటే తెలుగులో మళ్లీ అడిగింది. నాయిన కళ్లు మూసుకున్నాడు. గంగాబాయి నా వైపు చూసింది. చెప్పు, చెప్పు అని నా మనసు అరుస్తోంది. వద్దు, వద్దు అని కూడా అదే అరుస్తోంది.

“నా పేరు వజ్రమ్మ,” అంది గట్టిగా. “ఈ గంగాబాయి నా సోపతి. మంచి మనిషి. ఒక్కరి ముద్ద గూడ గుంజుకోలేదు.”

ఆ బడిలో మా అవ్వ పేరు వినబడడం అదే మొదటిసారి.

నేను కూర్చుండిపోయాను. చెప్పడానికి ఇంక ఏం మిగిలింది? మా అవ్వను దొంగ కాకుండా కాపాడిందో, మా అవ్వకు ఉన్న ఒక్క పేరూ పట్టుకుపోయిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నాయిన మాత్రం వాన నీళ్లు అన్నట్టు ముఖం తుడుచుకున్నాడు.

సభ అయ్యాక గంగాబాయి పేరు మీద పిల్లలకు ఉసల్, పావ్ పెట్టారు. మొదటి గరిటె మీరే వేయండి అని హెడ్‌మాస్టరు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె వంటగదిలోకి పోయి, ఒక్క క్షణం ఆ ఖాళీ మేకు దగ్గర ఆగి, తన ప్లాస్టిక్ సంచి దానికి తగిలించింది. వచ్చి గిన్నె ముందు నిలబడి గరిటె అంచుకు గీసి వేయడం మొదలుపెట్టింది. పిల్లలకు కొత్త పేరు నేర్చుకోవడానికి ఎంతసేపు? నాలుగో పిల్లవాడే అరిచాడు, “వజ్రమ్మా, ఇంకొంచెం!” ఆ వెనక అందరూ అందుకున్నారు. హాలంతా మా అవ్వ పేరు మోగిపోయింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

తర్వాత ఏమనుకున్నానో నాకే తెలియదు, పళ్లెం తీసుకుని లైన్లో నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ల దాన్ని, రెండో తరగతి పిల్లల వెనకాల. నా వంతు వచ్చింది. ఆమె ఒక గరిటె వేసింది. పళ్లెం వెనక్కి తీసుకోబోయాను. చేతులు కదల్లేదు.

“అవ్వా,” అన్నాను. “ఇంకొంచెం.”

గంగాబాయి నా ముఖం చూడలేదు, పళ్లెం పట్టుకున్న నా చేతుల వైపు చూసింది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. ఆమె గరిటెను గిన్నె అడుగుదాకా దించింది.